చెట్టు నీడన కౌన్సెలింగ్

(స్వర్ణోత్సవాల సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  ఇప్పుడు ఇక్కడ పాఠాలు చెప్తున్న టీచర్లకు ప్రత్యేకంగా నమస్కారం. ఎందుకంటే నేను చెప్పబోయే మాటల్లో సగం బరువు చివరికి మీ నెత్తి మీదే పడుతుంది.

నాకు ఇచ్చిన విషయం 'విద్యార్థుల మానసిక ఆరోగ్యం'. సమయం అరగంట. నా తర్వాత ఎజెండాలో ఉన్న అంశం 'స్వర్ణోత్సవ భవనం, అందులో కౌన్సెలింగ్ గది' అని కాగితంలో చూశాను. ప్లాను కూడా పంపారు. గ్రౌండుకి తూర్పున ఉన్న వేపచెట్లు, రెండు కానుగ చెట్లు తీసేసి అక్కడ రెండంతస్తుల భవనం కడతామంటున్నారు. కింద కంప్యూటర్లు, పైన ఏసీ కౌన్సెలింగ్ గది. మానసిక ఆరోగ్యం గురించి పొడిగా ఒక ఉపన్యాసం ఇచ్చి దిగిపోవచ్చు. కానీ ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేస్తున్నదాన్ని కాబట్టి, ఆ ప్లాను చూశాక దాని గురించి మాట్లాడకుండా దిగలేను. పిల్లల మనసు బాగుచేసే గది కోసం ఆ చెట్లు కొట్టక్కర్లేదు. ఆ పనికి ఆ చెట్లే పనికొస్తాయి. ఎందుకో, ఎంతవరకో చెప్తాను.

ముందు ఒక పేరు తేల్చుకుందాం. తెలుగులో 'ప్రకృతి చికిత్స' అనగానే మనకు మట్టిపట్టీలు, తొట్టిస్నానాలు, ఉపవాసాలు గుర్తొస్తాయి. నేను చెప్పేది అది కాదు. శిక్షణ ఉన్న కౌన్సెలర్ నాలుగు గోడల మధ్య కాకుండా చెట్ల మధ్య, పార్కులో, తోటలో, నడుస్తూనో కూర్చునో చేసే కౌన్సెలింగ్. అంతే. కొందరు మొక్కలు నాటించడం, తోటపని చేయించడం కూడా ఇందులో కలుపుతారు. వాడే పద్ధతులు గదిలో వాడేవే. మారేది చోటు. చోటు మారితే మాట కూడా కొంత మారుతుంది.

ఇది ఇప్పుడెందుకు అంటే, దేశంలో 2022లో ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. మన రెండు రాష్ట్రాల వాళ్ళకు ఆ లెక్క పేపర్లో చూస్తేనే తెలియాల్సిన పని లేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత వారాల తరబడి ఏ వార్తలు చదివామో గుర్తుండే ఉంటుంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం మీద దాఖలైన కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. వందకు తక్కువైతే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. మన స్కూలు వంద ఎప్పుడో దాటింది. అంటే మనం చర్చిస్తున్నది ఇష్టమైతే చేసే పని కాదు.

ఒక్క సంగతి గమనించండి. కోర్టు 'మనిషి' ఉండాలంది. మన ప్లానులో గది ఉంది, సోఫా ఉంది, ఏసీ ఉంది, తలుపు మీద బోర్డుంది. మనిషి మాత్రం లేడు. కౌన్సెలర్ జీతం ఎక్కడి నుంచి వస్తుందో ఆ కాగితంలో నాకు కనపడలేదు. మనకు భవనాల మీద ఉన్న మోజు మనుషుల మీద ఉండదు. భవనానికి శిలాఫలకం ఉంటుంది, జీతానికి ఉండదు కదా.

సరే, ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లవాడొకణ్ణి ఊహించుకోండి. పీరియడ్ మధ్యలో అటెండరు వచ్చి, 'ఫలానా అబ్బాయిని కౌన్సెలర్ మేడమ్ పిలుస్తున్నారు' అంటాడు. క్లాసంతా తల తిప్పి చూస్తుంది. వాడు మెట్లెక్కి, బోర్డున్న తలుపు తోసుకుని, చల్లటి గదిలో కొత్త మనిషికి ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంటాడు. 'చెప్పు నాన్నా' అంటే 'ఏం లేదు మేడమ్' అంటాడు. గోడ గడియారం చూస్తాడు. బల్ల మీది పేపర్ వెయిట్ చూస్తాడు. ముప్పై నిమిషాల్లో ఆరు మాటలు. తిరిగి వెళ్ళాక స్నేహితులు పెట్టే పేరు మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. ఆ పేరుకి భయపడి మళ్ళీ రాడు.

ఇందులో పిల్లవాడి తప్పేం లేదు. మన ఇళ్ళల్లో కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ మాట్లాడించడం అంటే ఒకటే అర్థం: తిట్లు. ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు నాన్న అలా కూర్చోబెడతాడు. హెడ్మాస్టరు గారి గదిలో అలా నిలబెడతారు. ఆ భంగిమకే వాడి నోరు మూతపడుతుంది. మరి మన వాళ్ళు నిజంగా మనసులో మాట ఎప్పుడు చెప్పుకుంటారు? అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్తారు. సైకిల్ వెనక సీటు మీద కూర్చుని, ముందువాడి వీపుకి చెప్తారు. చెరువుగట్టు మీద రాళ్ళు విసురుతూ చెప్తారు. చేతులకో కాళ్ళకో ఏదో పని ఉండి, కళ్ళు ఇంకెటో చూస్తున్నప్పుడు మాట జారుతుంది. పక్కపక్కన నడిచేటప్పుడు మౌనం కూడా ఇబ్బందిగా ఉండదు. గదిలో రెండు నిమిషాలు మాట లేకపోతే ఇద్దరికీ ఊపిరాడదు. నడకలో రెండు నిమిషాల మౌనాన్ని ఎవరూ మౌనమనే అనుకోరు.

ఇది మా వృత్తిలో కొత్త సంగతి కూడా కాదు. మానసిక వైద్యమంటే సోఫా మీద పడుకోబెట్టడమే అన్న బొమ్మ సిగ్మండ్ ఫ్రాయిడ్ పేరుతో లోకమంతా పాకింది. అదే ఫ్రాయిడ్ 1910లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ ఊళ్ళో గుస్తాఫ్ మాలర్ అనే గొప్ప సంగీతకర్తతో దాదాపు నాలుగు గంటల పాటు వీధుల్లో నడుస్తూ మాట్లాడాడు. మాలర్ సంసారం బీటలు వారిన సమయం అది. సోఫా వియన్నాలో ఉంది, కాళ్ళు మాత్రం ఆయన దగ్గరే ఉన్నాయి.

ఇక చెట్టు సంగతి. నడక ఎక్కడైనా నడకే కదా, చెట్లే ఎందుకు అని మన సైన్సు మాస్టారు అడుగుతారని తెలుసు. రోజంతా పాఠం మీద, ఫోను మీద, ట్రాఫిక్ మీద పట్టుబట్టి పెట్టే ధ్యాస ఒకటుంటుంది. అది అలిసిపోయే వస్తువు. అది అలిసిపోతే చిరాకు పెరుగుతుంది, నిర్ణయాలు తప్పుతాయి. ఆకులు కదలడం, పిట్టలు తిరగడం, నీడ జరగడం లాంటివి మన ధ్యాసని లాగవు, మెల్లగా పట్టుకుంటాయి. ఆ కాసేపు అలిసిన ధ్యాసకు విశ్రాంతి దొరుకుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో వెలువడిన తమ పుస్తకంలో ఈ వాదన వివరంగా రాశారు.

ఇంకొకటి నెమరువేత. జరిగిపోయిన అవమానాన్నో, రాబోయే పరీక్షనో తిప్పితిప్పి తలుచుకోవడం. ఇంగ్లీషులో దీనికి వాడే 'రూమినేషన్' అనే మాటకు కూడా అసలర్థం నెమరే. గొడ్డు నెమరేస్తే మేత అరుగుతుంది, మనిషి నెమరేస్తే మనిషే అరుగుతాడు. డిప్రెషన్‌కి ఇది పెద్ద దారి. 2015లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ దగ్గర 38 మందితో ఒక పరిశోధన చేశారు. కొందరిని చెట్లూ గడ్డీ ఉన్న చోట, మిగతావాళ్ళని వాహనాల రద్దీ ఉన్న రోడ్డు పక్కన తొంభై నిమిషాలు నడిపించారు. చెట్ల మధ్య నడిచినవాళ్ళలో ఈ నెమరువేత తగ్గింది. దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకు కూడా తగ్గినట్టు స్కానింగులో కనిపించింది. రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో ఆ మార్పు లేదు. మాస్టారూ, మీ ప్రశ్నకు సమాధానం అది. అయితే 38 మంది అంటే చిన్న లెక్కే. అదీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద చేసింది. దాన్ని పట్టుకుని చెట్టు డిప్రెషన్‌కి మందు అని బోర్డు పెట్టకూడదు.

దీనికంటే పాతది, చాలామంది చెప్పుకునేది, 1984లో రోజర్ అల్‌రిచ్ ప్రచురించిన చిన్న అధ్యయనం. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనపడేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనపడ్డవాళ్ళు సుమారు ముప్పావు రోజు ముందే ఇంటికెళ్ళారు. బలమైన నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు. ఇది మనసు వైద్యం కాదు, పొట్ట ఆపరేషను. వాళ్ళు చెట్టు కింద కూర్చోలేదు కూడా, కిటికీలోంచి చూశారు, అంతే. మన ప్లానులో పైఅంతస్తు కౌన్సెలింగ్ గదికి కిటికీ ఎటు పెట్టారో ఇంజనీరు తమ్ముడు ఒకసారి చూడాలి. నాకు కనపడినంతలో పక్కవాళ్ళ కల్యాణమండపం గోడ వైపు ఉంది.

జపాన్ వాళ్ళు దీనికి 1982లోనే పేరు పెట్టారు. 'షిన్‌రిన్ యోకు', అంటే వనస్నానం. నీళ్ళతో పని లేదు. అడవిలో తొందర లేకుండా తిరగడమే స్నానం. ఆ పేరు పెట్టింది డాక్టర్లు కాదు, అక్కడి అటవీ శాఖ. శాస్త్రీయ పరీక్షలు తర్వాత వచ్చాయి. మనకేం తక్కువ, కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు మనవే కదా అని మీరనొచ్చు. నిజమే. కానీ ఇప్పటి వనభోజనాలు చూస్తున్నాం. కులానికో బస్సు, బస్సుకో మైకు, మైకుకో నాయకుడు. వనం పేరుకే మిగిలింది. ఉసిరిచెట్టుకే కౌన్సెలింగ్ కావాలి.

ఇంతవరకూ చెప్పినవన్నీ డబ్బున్న దేశాల సంగతులు. ఇప్పుడు నాకు బాగా నచ్చిన చోటికి వస్తాను. మన స్కూలుకి పనికొచ్చే పాఠం అమెరికాలోనూ జపాన్‌లోనూ లేదు, ఆఫ్రికాలో జింబాబ్వేలో ఉంది.

డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు హరారే నగరంలో పనిచేసేవాడు. దేశం మొత్తానికి సైకియాట్రిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే. ఆయన చూస్తున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రికి రావాలనుకుంది, కానీ బస్సు ఛార్జీలకు డబ్బు లేదు. ఆ మాట విన్నాక ఆయనకి, ఆసుపత్రిలో కూర్చుని రోగుల కోసం ఎదురుచూడటంలో అర్థం లేదనిపించింది. 2006లో ఎంబారే అనే పేటలో పని మొదలుపెట్టాడు. ఆయనకిచ్చింది ఏమిటో తెలుసా? డాక్టర్లు లేరు, నర్సులకు తీరిక లేదు, క్లినిక్‌లో గది ఖాళీ లేదు. ఉన్నదల్లా పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా తిరుగుతున్న పధ్నాలుగు మంది ముసలమ్మలు, క్లినిక్ బయట జాగా.

ఆ బయట జాగాలో చెట్టు కింద ఒక చెక్క బెంచీ వేశారు. బామ్మలకు శిక్షణ ఇచ్చారు. వచ్చినవాళ్ళని ముందు పధ్నాలుగు ప్రశ్నలు అడుగుతారు. నిద్ర పడుతోందా, ఏడుపు వస్తోందా, చనిపోవాలనిపిస్తోందా, ఇలాంటివి. తర్వాత కష్టాలన్నీ చెప్పనిచ్చి, వాటిలోంచి ఒక్కటి ఎంచుకోమంటారు. ఆ ఒక్కదానికి తను ఏం చేయగలదో ఆ మనిషి చేతే చెప్పిస్తారు. వచ్చే వారం మళ్ళీ వచ్చి ఏం జరిగిందో చెప్పాలి. ప్రమాదంలో ఉన్నారనిపిస్తే వెంటనే పైవాళ్ళకి పంపిస్తారు. అక్కడి షోనా భాషలో ఈ జబ్బుకి 'కుఫుంగిసీసా' అంటారు. అంటే అతిగా ఆలోచించడం. 'ఊరికే ఏదో ఆలోచిస్తూ కూర్చుంటున్నాడు డాక్టరుగారూ' అని మన ఊళ్ళ నుంచి వచ్చే అమ్మలు అనే మాట అదే కదా.

ఇంకో సంగతి. చిబాండా ఆ బెంచీకి మొదట 'మానసిక ఆరోగ్య బెంచీ' అని పేరు పెట్టాడు. ఆ పేరు పెడితే ఎవరూ వచ్చి కూర్చోరని బామ్మలే చెప్పారు. 'స్నేహపు బెంచీ' అని మార్చారు. పెద్ద చదువు చదివిన డాక్టరు ముసలమ్మల మాట విని పేరు మార్చుకోవడం, ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే భాగం. మన బోర్డు మీద ఏం రాయాలో నిర్ణయించే ముందు ఎనిమిదో తరగతి పిల్లల్ని అడగండి.

ఇది మాటలతో ఆగిపోలేదు. హరారేలో 24 క్లినిక్‌లలో 573 మందితో పరీక్షించారు. సగం క్లినిక్‌లలో బెంచీ పద్ధతి, సగంలో మామూలు వైద్యానికి కాస్త మెరుగులు. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం పొందినవాళ్ళలో దాదాపు సగం మందికి డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో నూటికి పధ్నాలుగు మందికే ఉన్నాయి. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఇది అచ్చయింది. తర్వాత మలావీకి వెళ్ళింది, న్యూయార్క్‌కి కూడా వెళ్ళింది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ ఫలితం చెట్టుదా, బామ్మదా? నన్నడిగితే ఎక్కువ భాగం బామ్మదే. ఆ పరీక్షలో చెట్టు నీడని విడిగా కొలవలేదు. కానీ చెట్టు కింద బెంచీ లేకపోతే బామ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు ఎంతమంది? గది తలుపు తోసుకుని వెళ్ళడానికి వెనకాడే మనిషి, దారిలో ఆగినట్టు ఆగి, బెంచీ చివర కూర్చోగలడు. చెట్టు చేసే మొదటి మేలు అది. మన పల్లెల్లో రచ్చబండ చేసిన పని కూడా అదే. అయితే రచ్చబండ మీద చెప్పింది ఊరంతా పాకుతుంది. బెంచీ మీద చెప్పింది పాకదు. ఆ తేడా శిక్షణ వల్ల వస్తుంది.

మన దేశంలోనూ దీనికి చుట్టం లాంటి ఉదాహరణ ఒకటుంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు వాళ్ళ కుటుంబాలను కూడా అక్కడే ఉండనిచ్చారు. గొలుసులూ తాళాలూ మామూలైన కాలంలో అది. జింబాబ్వేలోలాగే, అక్కడా మంచి పని భవనం బయటే మొదలైంది.

ఇప్పుడు అటువైపు కూడా చెప్పాలి. లేకపోతే రేపు ఎవరో ఒకరు 'డిప్రెషనా? పొద్దున్నే లేచి పార్కులో నాలుగు రౌండ్లు కొట్టు, తగ్గిపోతుంది' అని నా పేరు చెప్పి సలహా ఇస్తారు. అది కౌన్సెలింగ్ కాదు, వదిలించుకోవడం. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మంచం దిగడమే కొండ. వినపడని మాటలు వినిపించేవాళ్ళకి, ఎవరో వెంటాడుతున్నారని భయపడేవాళ్ళకి తెరిచిన మైదానం భయాన్ని పెంచవచ్చు. చనిపోవాలన్న ఆలోచన బలంగా ఉన్న పిల్లల్ని చెట్టు కింద కాదు, ఆ రోజే, పెద్దవాళ్ళని వెంటబెట్టి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. మందులు కావలసినవాళ్ళకి మందులే కావాలి. నడక మందులతో పాటు ఉంటుంది, వాటి స్థానంలో ఉండదు.

ఇంగ్లండులో సుమారు ఇరవై వేల మందిని అడిగి, 2019లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. వారానికి రెండు గంటలు, అంతకు మించి పచ్చని చోట్ల గడిపేవాళ్ళు ఎక్కువ ఆరోగ్యంగా, తృప్తిగా ఉన్నామన్నారు. దాన్ని పట్టుకుని 'రెండు గంటల డోసు' అని ప్రచారం చేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ బయటికి వెళ్తారేమో కూడా! ఆ అనుమానం ఆ అధ్యయనంతో పూర్తిగా తీరదు.

ఇంకో ప్రమాదం ఉంది. అమెరికాలో 'దారి తప్పిన' పిల్లల్ని బాగుచేస్తామని అడవుల్లోకీ ఎడారుల్లోకీ తీసుకెళ్ళే వ్యాపారం పెరిగింది. 2007లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ, ఇలాంటి కేంద్రాల్లో జరిగిన హింస గురించి, పిల్లల మరణాల గురించి తమ పార్లమెంటు ముందు పెట్టింది. బలవంతంగా ఎండలో నడిపిస్తే అది చికిత్స అయిపోదు. మన దగ్గర గోడకుర్చీ వేయించినవాళ్ళం, ఎండలో మోకాళ్ళ మీద నిలబడినవాళ్ళం ఈ సభలోనే చాలామంది ఉన్నాం. ఆ పనికి కొత్త పేరు దొరకనివ్వకూడదు. ఎవరు బయటికి రావాలో, ఎవరు గదిలో కూర్చోవాలో పిల్లలే చెప్పాలి.

ఇక టీచర్లు నన్ను ఫోన్లో అడిగిన ప్రశ్నలు. గోప్యత ఎలా? ఎవరికీ వినపడకూడదు, కానీ అందరికీ కనపడాలి. చెట్ల దగ్గర నుంచి వరండాకి ఉన్న దూరం సరిగ్గా దానికి సరిపోతుంది. మూసిన తలుపు వెనక ఒక పెద్ద మనిషి, ఒక పిల్ల ఉండటం కంటే, నలుగురి చూపు పడే చోట ఉండటం పిల్లలకీ రక్ష, కౌన్సెలర్‌కీ రక్ష. కనపడితే పేరు పెట్టరా అంటారు. ఆ చెట్ల కింద ఒక్క కౌన్సెలరే కూర్చుంటే పెడతారు. తెలుగు టీచరు అక్కడ పద్యం చెప్పించి, సైన్సు టీచరు ఆకులు ఏరించి, పదో తరగతి వాళ్ళు అక్కడే చదువుకుంటూ ఉంటే ఎవరు ఎందుకు కూర్చున్నారో ఎవరికి తెలుస్తుంది? ఇంకా, మొదటి రోజే పిల్లలకు చెప్పాలి: నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నీ ప్రాణానికి ముప్పు ఉందనిపించినా, నిన్నెవరైనా లైంగికంగా వేధించారని తెలిసినా నేను చెప్పక తప్పదు అని. పోక్సో చట్టం ప్రకారం అది కౌన్సెలర్‌కైనా టీచర్‌కైనా బాధ్యతే.

ఎండల మాటేమిటి అన్నారు. మార్చి రాగానే ఒంటిపూట బడులు. అప్పుడు పొద్దున్న తొమ్మిదిన్నర లోపలే బయట కూర్చోగలం, తర్వాత గదే. వానాకాలం కూడా గదే. నేను గది వద్దనలేదు. చిన్న గది ఉండాలి. ప్రస్తుతం పాత బల్లలు పడేసిన లైబ్రరీ పక్క గది శుభ్రం చేసి, ఫ్యాను పెట్టి, సున్నం వేస్తే చాలు. చక్రాల కుర్చీ వెళ్ళగలిగేలా గ్రౌండు దాకా చదునైన దారి మాత్రం వేయించాలి. అది లేకపోతే మనం ఇంతసేపు చెప్పుకున్న చెట్టు నీడ కొంతమంది పిల్లలకు అందదు. బెంచీలు వేపచెట్ల కిందా కానుగ కిందా వేయండి. వెనక గోడ దగ్గరి మునగచెట్టు కింద మాత్రం వద్దు. గొంగళిపురుగు మెడ మీద పడ్డాక ఎవడూ మనసు విప్పడు.

కాబట్టి తీర్మానానికి వచ్చే ముందు సంఘానికి నా విన్నపం ఇది. భవనం కట్టుకోండి, కంప్యూటర్లు కావాలి, కాదనను. పడమర వైపు పాత సైకిల్ స్టాండు జాగాలో కట్టండి. పైఅంతస్తుకయ్యే డబ్బు బ్యాంకులో వేసి, దాని మీద వచ్చే వడ్డీకి ఏటా బ్యాచ్‌ల చందాలు కలిపి, ఒక శిక్షణ ఉన్న కౌన్సెలర్ జీతానికి కేటాయించండి. లెక్క కోశాధికారి అన్నయ్య నాకంటే బాగా వేయగలరు. బ్యాచ్‌కో ఏడాది అనుకుంటే పేర్లు రాయించుకోవడానికి బోర్డు కూడా పెట్టుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

టీచర్లకు ఒకటే. డ్రిల్లు పీరియడ్ పిల్లలకు తిరిగి ఇచ్చేయండి. మా రోజుల్లోనే లెక్కల మాస్టారు వారానికొకటి లాగేసుకునేవారు. ఇప్పుడు తొమ్మిది, పది తరగతులకు టైంటేబుల్లో ఆ పేరుంది, గ్రౌండులో పిల్లలు లేరని విన్నాను. కౌన్సెలర్ వారానికి పదిమందితో మాట్లాడగలదేమో. ఆ పీరియడ్ వందలమందిని చెట్ల మధ్యకి పంపుతుంది. పిల్లల్లో తేడా ముందు కనిపెట్టేది కూడా గ్రౌండులో ఉండే డ్రిల్లు మాస్టారే. ఎప్పుడూ ఆడేవాడు మూల నిలబడ్డాడంటే అది ఏ ప్రశ్నాపత్రం కంటే ముందే చెప్తుంది.

కౌన్సెలర్ వచ్చేలోగా రాత్రి పూట ఎవరికైనా అవసరమైతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రతి తరగతి గదిలో నల్లబల్ల పక్కన పెద్ద అక్షరాలతో రాయించండి. దానికి తీర్మానం కూడా అక్కర్లేదు, సుద్దముక్క చాలు.

భోజనాలు గ్రౌండుకి తూర్పువైపే పెట్టారట. చర్చ భోజనాల తర్వాతే కదా. తింటూ ఒకసారి తలెత్తి పైకి చూడండి.